నలభై నిమిషాలు ముందున్న పానశాల

పొద్దున ఆరు గంటలు కాకముందే థర్జా ట్రాంటర్ మూడు పనులు అనుకుంది. పానశాల గోడ గడియారం సరిచేయాలి. పెద్ద గదిలో బల్ల తుడిచి పచ్చబట్ట పరచాలి. నల్ల గౌనుకు మెడ దగ్గర ఊడిన బొత్తాం కుట్టుకోవాలి. మూడింటిలోకీ తేలికైనది గడియారమే కదా అని దానితోనే మొదలుపెట్టింది.

సెప్టెంబరు వచ్చిందంటే మా విదీమూర్ చిత్తడి నేలల మీద మంచు పాలమీగడలా పరుచుకుంటుంది. ఏటిగట్టు మీద కాస్త ఎత్తులో ఉన్న, పాముల్లాంటి మలుగు చేపల పేరు పెట్టుకున్న ‘మూడు మలుగులు’ పానశాల ఆ మంచులో నేలను వదిలేసి తేలుతున్నట్టే ఉంటుంది. లోపల ఉన్నవాళ్లకు ఊరు కనపడదు, ఊళ్లో ఉన్నవాళ్లకు పానశాల కనపడదు. ఎక్కడో ఆవులు మాత్రం అరుస్తుంటాయి. అలాంటి పొద్దుల్లో నిద్రకూ మెలకువకూ పెద్ద తేడా ఉండదని మా పెద్దలు అనేవారు. మా ఊరి ఆపిల్ కల్లు తాగినవాళ్లకు అసలే ఉండదు.

థర్జా భర్త ఆంబ్రోస్ ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి ఆమె తాత్కాలిక అనుమతి మీద పానశాల నడుపుతోంది. ఈ రోజు పదకొండు గంటలకు ఇద్దరు మెజిస్ట్రేట్లు, మా ఊరి ఆనవాయితీ ప్రకారం, ఆ పానశాల పెద్ద గదిలోనే కొలువుదీరి లైసెన్సు ఆమె పేరు మీద రాయాలో వద్దో తేలుస్తారు. రాస్తే ఇల్లు, పొయ్యి, పీపాలు, పదహారేళ్ల కాపురం మిగులుతాయి. రాయకపోతే బ్రిస్టల్లో బావగారింటికి వెళ్లి ఆయన ఆరుగురు పిల్లలకు వండిపెడుతూ, ఆయన భార్య మాటలు పడుతూ బతకాలి. ఆ తోటికోడలి నోరు ఎలాంటిదో థర్జాకు తెలుసు.

లైసెన్సు ఇవ్వకూడదని అభ్యంతరం పెట్టింది ఒకే ఒక్కడు. టాంటన్ పట్నంలో తాగుడు మాన్పించే సంఘానికి కార్యదర్శి, పేరు సెప్టిమస్ క్రూమ్. ఆయన ఒకసారి వచ్చి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, గోడ గడియారం నలభై నిమిషాలు ముందు నడుస్తోందని కనిపెట్టి వెళ్లాడు. ఫిర్యాదులో చివరి వాక్యం థర్జాకు కంఠతా వచ్చేసింది: ‘గడియారమే అబద్ధమాడే ఇంట్లో మనిషి నోట నిజం వస్తుందా?’ మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు మండింది. పదోసారి చదివినప్పుడు, ఆయనన్నదీ నిజమే కదా అనిపించింది. ఎవరూ తనవైపు వేలు చూపించే అవకాశం లేకుండా కోర్టు ముందు నిలబడాలని నిశ్చయించుకుంది.

గంటలు కొట్టే గడియారానికి ముల్లు వెనక్కి తిప్పకూడదు, లోపలి పళ్లు విరుగుతాయి. లోలకం ఆపి, కాలం తనంతట తాను వచ్చి అందుకునేదాకా కూర్చోవాలి. థర్జా స్టూలెక్కి ఎదురుచూసింది. చిత్తడి మీదుగా పాలరైలు కూత వినిపించింది. అంటే ఆరూ అయిదు. గడియారంలో ఆరూ నలభై అయిదు. వేలితో లోలకాన్ని పట్టుకుంది. టిక్కుమన్నది, మళ్లీ టక్కనలేదు. తరువాత కూసేది ఆరూ నలభై అయిదుకు గూడ్సు బండి. అది కూసినప్పుడు వదిలితే సరి.

ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ వినలేదు. కిటికీ అవతల మంచు, ఇవతల ఆగిన గడియారం. ఆపిన ఆ నలభై నిమిషాలు ఎక్కడివో ఆమెకు తెలుసు. ఒక్కొక్క యజమాని ఒక్కొక్క గుప్పెడు పోసి పోయినవి.

రాణిగారికి కిరీటం పెట్టిన ఏడాదే ఈ ఇల్లు కట్టినవాడు జేబెజ్ కూమ్స్. పడవలు నడిపి వచ్చినవాడు, మెత్తని మనిషి. వేళయింది, ఇక లేవండి అని తాగేవాళ్లతో చెప్పడానికి నోరు వచ్చేది కాదు. ఆ మాటేదో గడియారమే చెబుతుందని ఐదు నిమిషాలు ముందుకు జరిపాడు. ఆయన పోయాక భార్య టాబిథా వచ్చింది. అప్పటికి ఊరంతా ఐదు తీసేసి చూడడం నేర్చుకుంది. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేది నేనున్నానంటూ ఆవిడ ఒకేసారి పది కలిపింది. మూడోవాడు సైలస్ వౌల్స్, పటాలంలో బాకా ఊదినవాడు, తొందరగా పడుకునే అలవాటు. ఇంకో పది కలిపాడు. ఒక మధ్యాహ్నం ‘దీపాల్లోకి నూనె తెస్తాను, పావుగంటలో వస్తా’ అని వెళ్లినవాడు ఇంతవరకూ రాలేదు. పావుగంట ఏ గడియారం ప్రకారమో ఆయన చెప్పలేదు. తరువాత మూడీ కవలలు. ఒకడికి తెలియకుండా ఇంకొకడు చెరో ఐదు కలిపి, గడియారం పాడైందని ఏడాదిపాటు ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు.

ఆఖరి ఐదు నిమిషాలు ఆంబ్రోస్‌వి. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో థర్జా అడిగింది, "ముప్పై అయిదు చాలవా? మళ్లీ ఎందుకు?" అని. "అవి ఊరివి. ఇవి మనవి" అన్నాడు ఆంబ్రోస్. అందరూ వెళ్లాక, లెక్కలూ కడుగుడూ మొదలయ్యేలోపు, ఇద్దరూ పొయ్యి దగ్గర ఊరికే కూర్చునే ఐదు నిమిషాలు. పదహారేళ్లు కూర్చున్నారు. పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్లు కాదు. ఇప్పుడు వాటిని తన చేత్తోనే తీసేస్తున్నానని అనిపించి థర్జా కళ్లు నిండాయి. గడియారం తిరిగి నడిపించడం మానేసి అలాగే ఉండిపోతే ఎంత బాగుండునో అనుకుంది.

గూడ్సు బండి కూసింది. ఆమె కళ్లు తుడుచుకుని లోలకం వదిలింది.

సరిగ్గా ఏడు గంటలకు కిటికీ అద్దానికి ఒక ముక్కు ఆనింది. అది ఈలై హెంబ్రో ముక్కు. డెబ్బై దాటిన మనిషి. మలుగు చేపలు పట్టడం వృత్తి, చర్చి గడియారానికి కీ ఇవ్వడం, గంట కొట్టడం ఉద్యోగం. రోజూ పొద్దున్నే ఆ ముక్కు ఆ అద్దం మీద కనపడుతుంది. పాపం, పీపాల మీది మమకారం కొద్దీ చూస్తున్నాడని థర్జా ఇన్నేళ్లూ అనుకుంది. రోజూ లాగే గడప మీద ఒక ముంత ఆపిల్ కల్లు పెట్టింది.

"చల్లగా ఉండమ్మాయ్" అన్నాడు ఈలై. తాగి, మూతి తుడుచుకుని, ఇంకోసారి గడియారం చూసి, వేళ్లు మడిచి ఏదో లెక్క వేసి, మంచులోకి వెళ్లిపోయాడు.

ఆ లెక్క సంగతి భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. రోజూ పొద్దున రెండు మైళ్లు నడిచి స్టేషనుకు వెళ్లి, రైల్వే వేళ చూసివచ్చి, చర్చి గడియారం సరిచేయాలని పాదిరీగారు ఈలైకి ఆజ్ఞ. మోకాళ్లు మొరాయించిన నాటి నుంచి ఈలై ఆ రెండు మైళ్లూ మానేశాడు. పానశాల కిటికీలోంచి చూసి, నలభై తీసేసి, చర్చికి వెళ్లి సరిచేసేవాడు. ఒక్క రోజూ తప్పు రాలేదు. ఆ పొద్దునా నమ్మకంగా ఏడులోంచి నలభై తీశాడు. ఆరూ ఇరవై. చర్చి గోపురం ఎక్కి చూస్తే అక్కడ ఏడూ పది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! రాత్రికి రాత్రి ఇంత పరుగెత్తావేమిరా? ఈ వయసులో నీకెందుకురా ఇంత తొందర?" అని చర్చి గడియారాన్ని మందలించి, లోలకం ఆపి కూర్చున్నాడు. ఆయన లెక్కలో రెండు పైపుల పొగాకు కాలితే నలభై నిమిషాలు. ప్రశాంతంగా రెండు పైపులూ కాల్చి లోలకం వదిలాడు.

అక్కడి నుంచి ఊరంతా నలభై నిమిషాలు వెనక్కి జారింది. మంచులో సూర్యుడు కనపడడు కనుక చర్చి గంట ఏం చెబితే అదే వేళ. రొట్టెలవాడు ఎనిమిదో గంట విని పొయ్యి తెరిస్తే లోపల బొగ్గులున్నాయి. పట్నం వెళ్లాల్సిన ఇద్దరు ఆడవాళ్లు స్టేషనుకు చేరేసరికి పట్టాలు తప్ప ఏమీ లేవు. బడిపిల్లలు మటుకు ఆ పొద్దు చాలా హాయిగా నిద్రపోయారు. కొలువుకు పెద్ద మెజిస్ట్రేటు కర్నల్ పెంఫోల్డ్. ఆయన రోజూ తొమ్మిదో గంట వింటూ గుడ్డు పగలగొట్టి, జేబు గడియారం సరిచేసుకుంటాడు. ఆ రోజూ సరిచేసుకున్నాడు.

పదకొండుకు ఐదు నిమిషాలు ఉందనగా మంచులోంచి క్రూమ్ ఒక్కడే ఊడిపడ్డాడు. సన్నటి మనిషి, నల్ల కోటు, గొడుగు. చర్చి గోపురం మంచులో మునిగి ఉంది కనుక దాని ముఖం ఆయనకు కనపడలేదు.

"మిసెస్ ట్రాంటర్ మీరేనాండీ? నేను సెప్టిమస్ క్రూమ్."

"తెలుసండీ. తాగనివాళ్లను మా ఊళ్లో ఇట్టే గుర్తుపడతాం. రండి, తడిసిపోయారు. టీ పెట్టనా?"

"ఒట్టి టీయేనా?"

"పాలు పోస్తానండీ. అది ఫరవాలేదుగా?"

క్రూమ్ కుర్చీలో కూర్చుని, అలవాటు కొద్దీ గోడ గడియారం వైపు చూశాడు. చటుక్కున జేబు గడియారం తీశాడు. ఆదివారపు బడికి ఇరవై ఒక్కేళ్లు ఒక్క నిమిషమైనా ఆలస్యం కాకుండా వెళ్లినందుకు ఇచ్చిన వెండి గడియారం అది. పొద్దున టాంటన్ స్టేషనులో సరిచూసుకునే రైలెక్కాడు. రెండూ ఒకే వేళ చూపిస్తున్నాయి.

"దీన్ని... సరిచేశారా?"

"పొద్దున సరిచేశానండీ."

"అయితే నా ఫిర్యాదు?"

"అది మీ దగ్గరే ఉంది కదండీ."

క్రూమ్ టీ తాగాడు. పదకొండయింది. ఎవరూ రాలేదు. పదకొండుంబావు అయింది. ఎవరూ రాలేదు. మంచు కిటికీకి మరింత దగ్గరగా వచ్చింది. ఊళ్లో మనుషులన్నవాళ్లే లేరేమో, ప్రపంచంలో తామిద్దరే మిగిలామేమో అన్నంత నిశ్శబ్దం. గడియారం మాత్రం నిజాయితీగా కొట్టుకుంటోంది. ఇంకో టీ పోస్తూ థర్జా అడిగింది.

"మీకు తాగుడంటే అంత కోపం ఎందుకండీ?"

"మా నాన్న" అన్నాడు క్రూమ్. "‘ఇక్కడే నుంచో బాబూ, ఐదు నిమిషాల్లో వస్తా’ అని లోపలికి వెళ్లేవాడండీ. నేను గుమ్మం బయట లెక్కపెడుతూ నుంచునేవాణ్ణి. ఐదు నిమిషాలంటే మూడు వందలు. మూడు వందలు ఎన్నిసార్లు లెక్కపెట్టానో. ఐదు నిమిషాలన్న మాట వింటే నాకు ఇప్పటికీ పడదు."

థర్జా పొయ్యిలో కట్టె ఎగదోసింది. "మా ఆయన ఈ గడియారానికి ఐదు నిమిషాలు కలిపింది నా పక్కన కూర్చోవడానికండీ" అంది. "ఈ పొద్దున వాటినీ తీసేశాను. మీ కాగితం చదివే."

క్రూమ్ కప్పు తీసి పక్కన పెట్టాడు. పదకొండున్నర అయింది. కోర్టు తనను మరిచిపోయిందనీ, ఇక బ్రిస్టలే గతి అనీ థర్జా మనసులో మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

పదకొండూ నలభైకి రెండు నిమిషాలు తక్కువగా గుర్రాల చప్పుడు వినిపించింది. కర్నల్ పెంఫోల్డ్, రెండో మెజిస్ట్రేటయిన పాదిరీ లవ్‌లాక్‌గారు, గుమాస్తా, వెనక తమాషా చూడడానికి సగం ఊరు. అందరి ముఖాల్లోనూ వేళకు ముందే వచ్చామన్న తృప్తి.

"చూశావా థర్జా! రెండు నిమిషాలు ముందే వచ్చేశాం" అన్నాడు కర్నల్ చేతి తొడుగులు తీస్తూ.

"ముందా?" అంటూ క్రూమ్ లేచి నిలబడ్డాడు. "నలభై నిమిషాలు ఆలస్యమండీ!"

"పట్నం వాళ్లు" అన్నాడు కర్నల్ పాదిరీగారితో, అంతా అర్థమైపోయినట్టు. ఇద్దరూ పచ్చబట్ట బల్ల వెనక, గడియారం కిందనే కూర్చున్నారు. గుమాస్తా ఫిర్యాదు చదివాడు. థర్జా బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేసింది.

"ఏమ్మా, నీ గడియారం తప్పు నడుస్తోందట. నిజమేనా?"

"నిన్నటిదాకా నిజమేనండీ దొరా. ఈ పొద్దున సరిచేశాను. ఇప్పుడు అక్షరాలా సరైన వేళ చూపిస్తోంది."

కర్నల్ తన గడియారం తెరిచాడు. తల తిప్పి గోడ మీది గడియారం చూశాడు. మళ్లీ తన గడియారం చూశాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"నాది పదకొండూ అయిదు. నీది పదకొండూ నలభై అయిదు. ఎప్పుడూ ఎంత ముందుందో ఇప్పుడూ అంతే ముందుంది. ప్రమాణం చేసి అబద్ధమాడతావా థర్జా? అదీ నా తల మీదున్న గడియారం గురించి?"

గదిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ఊరందరి దగ్గరా ఉన్న గడియారాలు బయటికి వచ్చాయి. డాక్టరుది, రొట్టెలవాడిది, పాదిరీగారిది. అన్నీ పదకొండూ అయిదే. ఒంటరిదాన్ని చూసి లోకమంతా కట్టగట్టుకుని అబద్ధమాడుతుందా? ఏమో, తనే సరిగ్గా వినలేదేమో, పాలరైలు కూత కలలో విన్నానేమో అని కూడా థర్జాకు అనుమానం వచ్చింది. తెల్లారి నుంచీ అంతా కలలాగే ఉంది మరి.

"ఉన్నమాట చెప్పమ్మా" అన్నారు పాదిరీగారు జాలిగా. "మరిచిపోయి ఉంటావు. చర్చి గడియారం కూడా నలభై నిమిషాలు తక్కువే చెబుతోంది. దాన్ని మా ఈలై రోజూ స్టేషనుకు నడిచి వెళ్లి సరిచేస్తాడు."

గుంపులో ఈలై దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాడు.

"క్రూమ్‌గారూ, మీ దాంట్లో ఎంతయిందండీ?" అన్నాడు కర్నల్, లాంఛనం పూర్తి చేయడానికి.

క్రూమ్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే తన ఫిర్యాదే కూలిపోతుంది. తన గడియారం తప్పని ఒప్పుకుంటే థర్జా అబద్ధాలకోరు అవుతుంది, పానశాల పోతుంది, సంఘం వాళ్లు పూలదండ వేస్తారు. అది జరగడానికి ఆయన నోరు తెరవక్కరలేదు. కళ్లు దించుకుంటే చాలు. క్రూమ్ థర్జా వైపు చూశాడు, తరువాత చేతిలోని వెండి గడియారం వైపు.

"పదకొండూ నలభై ఆరు" అన్నాడు.

"అంటే మీదీ నలభై నిమిషాలు ముందే ఉందన్నమాట! దీంతోనేనా మీరు పానశాల గడియారాన్ని కొలిచింది? ముందున్న దాంతో ముందున్న దాన్ని కొలిస్తే మొత్తం ఎనభై అవుతుంది కదండీ? ఏం గుమాస్తా?"

"తెలియదండీ" అన్నాడు గుమాస్తా నిజాయితీగా.

"నా గడియారం ముందు లేదు!" అని క్రూమ్ అరిచాడు. ఆయన అరవడం ఆయనే మొదటిసారి విన్నాడు. "ఇది నా చేతికి వచ్చిన నాటి నుంచి ఒక్క నిమిషం తేడా రాలేదు. ఈవిడ చెప్పింది నిజం. ఈ పానశాల గడియారం నిజం. ఈ ఊళ్లో నిజం చెబుతున్న గడియారం ఇదొక్కటే! రాసుకోండి!"

గుమాస్తా రాసుకున్నాడు.

"అయితే మా చర్చి అబద్ధమాడుతోందనీ, పబ్బు నిజం చెబుతోందనీ మీరు అంటున్నారా?" అన్నారు పాదిరీగారు. "తాగుడు మాన్పించే సంఘం వారేనా తమరు?"

"అవునండీ" అన్నాడు క్రూమ్ దిగులుగా.

"మరి ఊరికంతటికీ నిజం చెప్పే గడియారం ఇదొక్కటేనైతే దీని మీద ఫిర్యాదు ఎందుకు పెట్టారండీ?" అన్నాడు కర్నల్. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు ఎవరి గడియారం నిజమో అని గదంతా వాదించుకుంది.

అప్పుడే చిత్తడి మీదుగా, మంచును చీల్చుకుంటూ, పొడుగ్గా రైలు కూత వినిపించింది. పన్నెండూ పది బండి. గోడ గడియారంలో పన్నెండూ పది. కర్నల్ తన గడియారం చూసుకున్నాడు.

"పదకొండున్నర. చూశారా, రైలు నలభై నిమిషాలు ముందే వచ్చేసింది."

లైను వేసిన పాతికేళ్లలో రైలు ఆలస్యంగా రావడం చూశారు, రాకపోవడం చూశారు, దారి మధ్యలో ఆవు పక్కన ఆగి నిద్రపోవడం కూడా చూశారు. ముందు రావడం మాత్రం ఎవరూ చూడలేదు. ఆ గదిలో పొద్దున్నే రెండు ముంతలు తాగినవాడు కూడా ఆ మాట నమ్మలేదు. కర్నల్ తన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అందరి కళ్లూ నెమ్మదిగా పాదిరీగారి మీదికీ, ఆయన కళ్లు ఈలై మీదికీ తిరిగాయి.

"ఈలై, ఈ పొద్దున నువ్వు స్టేషనుకు వెళ్లావా?"

"వెళ్దామనే బయల్దేరానండీ."

"ఎక్కడిదాకా వెళ్లావు?"

"ఇదిగో... ఈ కిటికీదాకా" అన్నాడు ఈలై. థర్జా ముఖం చూశాక ఆయన ఇక ఆగలేకపోయాడు. టోపీ తీసేశాడు. "మోకాళ్లండీ దొరా. స్టేషను దారంతా బురద. పన్నెండేళ్ల నుంచీ ఇక్కడే చూసి, నలభై తీసేసి, అక్కడ పెడుతున్నాను. ఒక్కరోజు తప్పు రాలేదు కదండీ? ముల్లు ముట్టుకునే ముందు ప్రతి యజమానీ, ఊరి గంట కొట్టేవాణ్ణి కదా అని, నా చెవిన ఓ మాట వేసేవాడు. ఈ అమ్మాయి చెప్పలేదు. అమ్మాయ్, ఒక్క మాట చెప్పకపోయావా! చర్చి గడియారాన్ని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను."

"నీకు చెప్పాలని నాకెలా తెలుసు బాబాయ్? కల్లు కోసం చూస్తున్నావనుకున్నాను!"

"అదీ ఉంది" అన్నాడు ఈలై.

పాదిరీగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే పన్నెండేళ్ల నుంచీ నా ప్రార్థనలు, పెళ్లిళ్లు, బాప్తిస్మాలు..."

"అన్నీ ఈ గోడ మీంచే నడిచాయండీ" అన్నాడు ఈలై వినయంగా.

మెజిస్ట్రేట్లిద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. సంగతి బిషప్పుగారిదాకా వెళితే ఏమవుతుందన్న మాట రెండుసార్లు వినిపించింది. చివరికి పాదిరీగారే తల ఎత్తారు. "థర్జా, ఈ గడియారం ఇంటిదా, నీదా?"

"నాదేనండీ. మూడీ వాళ్ల దగ్గర మా ఆయన కొన్నాడు. బ్రిస్టల్ వెళ్లాల్సి వస్తే నాతోనే తీసుకుపోతాను. నాకు మిగిలేది అదొక్కటే."

"బ్రిస్టల్ ఏమిటమ్మా, బ్రిస్టల్! నిన్నెవరు వెళ్లమన్నారు?" అన్నారు పాదిరీగారు కంగారుగా. "నువ్వు వెళితే ఆదివారం పదింటికి ప్రార్థన ఎలా మొదలుపెట్టమంటావు?"

కర్నల్ గొంతు సవరించుకున్నాడు. లైసెన్సు థర్జా ట్రాంటర్ పేరు మీద రాయమన్నాడు. ఒక షరతు కూడా పెట్టాడు. గడియారం తిరిగి నలభై నిమిషాలు ముందుకు పెట్టాలి, ఇకమీదట ఎవరూ దాన్ని సరిచేయరాదు.

"తప్పు వేళ చూపించమని కోర్టు ఆజ్ఞా?" అన్నాడు క్రూమ్, నీరసంగా.

"ఊరంతా నలభై తీసేయడం అలవాటు పడిందండీ. ఊరిని సరిచేయడం కంటే ముల్లు జరపడం తేలిక. ఇంతకీ మీరు టాంటన్‌కు వెళ్లాల్సింది పన్నెండూ పది బండికే కదా?"

క్రూమ్ వెండి గడియారం చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఒక బండి తప్పిపోయింది. తరువాతి బండి సాయంత్రం అయిదుకు. థర్జా ఆయన ముందు వేడివేడి మలుగు చేపల పులుసూ రొట్టే పెట్టి, స్టూలు లాక్కుని గడియారం దగ్గరికి వెళ్లింది. ముందుకు తిప్పడానికి ఆగక్కరలేదు. చూపుడు వేలితో ముల్లు జరిపింది. జేబెజ్‌వి అయిదు, టాబిథావి పది, సైలస్‌వి పది, మూడీ వాళ్లవి చెరో ఐదు. ఆఖరి ఐదు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఏడు నెలలుగా ఎవరి ముందూ ఏడవనిది స్టూలు మీద నిలబడి అందరి ముందూ ఏడ్చేసింది. క్రూమ్ వచ్చి, కదులుతున్న స్టూలు కాళ్లు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"నిదానంగా కానీయండి" అన్నాడు. "నాకేం తొందర లేదు."

తీర్పు కాగితంలో తేదీ వేసి, ఇద్దరు మెజిస్ట్రేట్ల సంతకాలూ తీసుకున్నాక, వేళ రాయాల్సిన చోట గుమాస్తా చాలాసేపు ఆలోచించి, ‘సుమారు’ అని రాసి ఊరుకున్నాడు.